గని గుంతలో బెల్లం ఊట

ఈ సంగతి రాయాలన్న కోరిక నాకు ఏనాడూ లేదు. రాయక తప్పని పరిస్థితి వచ్చింది. ఈమధ్య కడపలో ఒక పెళ్ళి విందులో మా పాత సహోద్యోగి ఒకరు నన్ను ఒక యువ ఇంజనీరుకు పరిచయం చేస్తూ, "ఎక్సైజ్ వాళ్ళు జీపెక్కించుకుపోయిన పెద్దమనిషి ఈయనే" అన్నారు. ఆ యువకుడు భోజనం మధ్యలో లేచి నిలబడి, వంగి నమస్కరించాడు. నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఏ యువకుడూ నాకు అంత మనఃపూర్వకంగా నమస్కరించలేదు. అంతటితో ఆగి ఉంటే సహించేవాణ్ణి. చేతులు కడుక్కునే చోట అతడు నా చెవి దగ్గరికి వచ్చి, "సార్, సారా ఊటలో తుమ్మచెక్క ఎంతపాలు వేసేవారు?" అని అడిగాడు.

నేను జీవితంలో మద్యం ముట్టినవాణ్ణి కాను. కాఫీ కూడా రెండోసారి పుచ్చుకోను. కనుక జరిగినదంతా జరిగిన క్రమంలో, అతిశయోక్తి లేకుండా, ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న యువతీయువకుల కోసం నమోదు చేస్తున్నాను. అప్పటివారి పేర్లు రాయను. వారిలో చాలామంది ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, కొందరికి పరువు కూడా ఉంది.

కడప, కర్నూలు జిల్లాల నడుమ కొండల్లో, పనులు ఆగి చాలాకాలమైన ఒక పాత గని ఉంది. లోపలినుంచి తవ్వి తీసిన రాళ్ళను గుట్టలుగా పోసి యజమానులు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఆ రాళ్ళలో గంధకం ఉంది. మా సీమలో వాన పడడమే అరుదు. పడిన ఆ కాస్తా గుట్టలను కడిగి, పుల్లటి ఎర్రని నీరుగా మారి, కింద ఒక పెద్ద గుంతలో చేరేది. రాగి, జింకు, సీసం అందులో కరిగి ఉండేవి. ఒక ఇనుప మేకును ఆ నీళ్ళలో వేసి మరచిపోతే, మళ్ళీ గుర్తుకొచ్చేసరికి మేకు ఉండేది కాదు.

గుంతకు దిగువన ఒక చీనీతోట, కోస్తావారి మాటలో బత్తాయితోట. గుంత నీరు నేలలోంచి మెల్లగా ఊరి ఆ తోట బావిలోకి దిగేది. తోట యజమానురాలు వయసు మళ్ళిన ఆవిడ. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం చేస్తున్నది. ఊరందరికీ ఆవిడ పెద్దమ్మ. ఆ గుంత నీటిని బాగుచేసే ప్రభుత్వ ప్రయోగానికి అధికారిగా నేను వెళ్ళి చేరిన తొలివారమే ఆవిడ నా గదిలోకి వచ్చి, బల్లమీద ఒక కాయ పెట్టింది. నిమ్మకాయ కన్నా చిన్నది, రాయిలాంటిది.

"ఏమప్పా, ఇది చీనీకాయనా, గచ్చకాయనా? నువ్వు సదువుకున్నోనివి, చెప్పు."

"చీనీకాయే," అన్నాను, పరిశీలించిన తరువాత.

"అదీ తెలిసిందిలే. ఇంగ ఇది చీనీకాయ మాదిరి ఎప్పుడయితాదో చెప్పు. మా ఆయప్ప పెట్టిన చెట్లివి. ఆయప్ప ఎట్లాగూ పొయినాడు. రోజూ రోంత రోంత చస్తాండే చెట్లను చూస్తా కూర్చునే శక్తి నాకు లేదు. ఆ గుంతను చూసేకి మీ పై ఆఫీసరు వస్తాడంట. ఆలోపల అది తేరుకోకపోతే రంపం మిషను పిలిపిస్తా. కట్టెలకైనా పనికొస్తాయి."

ఆ తరువాత వారం వారం ఒక కాయ తెచ్చి నా బల్లమీద పెట్టిపోయేది. నేను వాటిని కిటికీలో వరుసగా పేర్చేవాణ్ణి. వరుస పెరుగుతున్నది, కాయ మాత్రం పెరగలేదు.

మా ప్రయోగం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆ గుంత రోగానికి మందు ఆ గుంత అడుగునే ఉంది. గాలి సోకని నల్లబురదలో కంటికి కనబడని సూక్ష్మజీవులు సహజంగానే నివసిస్తాయి. మనం గాలి పీల్చినట్టు అవి నీటిలోని గంధక లవణాలను వాడుకుంటాయి. వాటికి తగిన తిండి దొరికితే ఆ గంధకం ఒక వాయువుగా మారి, నీటిలో కరిగిన లోహాలను పట్టుకుని నల్లని మడ్డిగా అడుగుకు దింపేస్తుంది. నీటి పులుపు విరుగుతుంది. అవి పనిలో ఉన్నాయనడానికి తొలి గుర్తు ఒకటే: కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఆ వాసన వస్తే తోట బతుకుతుంది. రాకపోతే పై అధికారులు గుంతను మట్టితో పూడ్చి, సిమెంటు పోసి, పని ముగిసిందనుకుంటారు. కింది ఊట మాత్రం బావిలోకి పోతూనే ఉంటుంది.

నాకు ఇద్దరు సహాయకులు. ఒకరు సూక్ష్మజీవుల శాస్త్రం చదివిన యువతి. పత్తికొండలో వాళ్ళది తరతరాల కిరాణా వ్యాపారం. తెలివైన పిల్ల, కాని నవ్వు మొదలుపెడితే ఆపుకోలేని బలహీనత ఉంది. రెండో అతడు ఆ ఊరి కావలిమనిషి. నేను ఏం చెప్పినా "సరే సా" అనేవాడు. ఏ విషయానికి సరే అన్నాడో మాత్రం అతనికి తెలిసేది కాదు.

సూక్ష్మజీవుల తిండికోసం నల్లబెల్లం బస్తాలు తెప్పించాను. బురదలో అవి పట్టుకుని బతకడానికి తుమ్మచెక్క ముక్కలు కొట్టించాను. ఆ చుట్టుపక్కల దొరికేది తుమ్మ ఒక్కటే. తిండి కలపడానికి మూతలున్న నీలం డ్రమ్ములు కొన్నాను. గేటుకు తాళం, చుట్టూ ముళ్ళకంచె, లోపలికి ఎవరూ రాకూడదని బోర్డు. బెల్లం దిగిన రోజు ఆ యువతి కొంచెం తటపటాయిస్తూ, "సార్, ఇంత నల్లబెల్లం, తుమ్మచెక్క ఒకేచోట పెడితే జనం..." అని మొదలుపెట్టింది. సందేహాలు ఏవైనా రాతపూర్వకంగా ఇవ్వమన్నాను. ఆమె ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

ఇక మేత విషయం. పొద్దున్నే బెల్లం తూచి, నీటిలో కరిగించి, గుంత నీటి పులుపు కొలిచి, అది నిర్ణీత హద్దులో ఉంటేనే గొట్టం ద్వారా అడుగుకు వదలాలన్నది నియమం. ఆ నియమాన్ని నేనే రాశాను. గుంత పులుపు ఆ హద్దులోకి ఏ వారానికో ఒకసారి వచ్చేది. మిగతా రోజుల్లో కలిపిన బెల్లంనీరు అలాగే మిగిలిపోయేది. మా ఎండకు అది మధ్యాహ్నానికే నురుగు కక్కి పులిసిపోయేది. పులిసిన మేత వాడరాదన్నది రెండో నియమం. దానిని డ్రమ్ముల్లోకి ఎత్తి, మూతికి గుడ్డ కట్టి, తేదీ వేసి, "తిరస్కృతం" అని పెద్ద అక్షరాలతో చీటీ అంటించి షెడ్డులో వరుసగా పెట్టించాను. ఎక్కడ పారబోయాలో చెప్పమని పై కార్యాలయానికి రాశాను. వారి జవాబుకోసం ఈనాటికీ ఎదురుచూస్తున్నాను.

"సార్, పాపం వాటికి ఆకలిగా ఉంటుంది సార్," అనేది ఆ యువతి, గుంతవైపు చూస్తూ.

"ఆకలి అనేది కొలమానం కాదమ్మా," అనేవాణ్ణి.

రోజూ ఉదయం నేను గుంత గట్టుమీద నిలబడి, కళ్ళు మూసుకుని, దీర్ఘంగా వాసన చూసేవాణ్ణి. తరువాత షెడ్డులోకి వెళ్ళి డ్రమ్ముల గుడ్డలు ఎత్తి ఒక్కొక్కదాన్నీ వాసన చూసి, చీటీ సరిగా ఉందో లేదో సరిచూసేవాణ్ణి. కంచె అవతల మేకలు మేపుకునేవాళ్ళు ఈ కార్యక్రమాన్ని ఎంతో శ్రద్ధగా గమనించేవారు.

క్రమంగా ఊళ్ళో నా గౌరవం పెరిగింది. టీ అంగడి ముందు కూర్చున్నవాళ్ళు నన్ను చూసి లేచేవారు. మంగలి నాకు వరుస తప్పించి ముందు గడ్డం చేసేవాడు. క్రమశిక్షణ ఉన్న అధికారిని ప్రజలు గుర్తిస్తారని ఆ యువతికి వివరించాను. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని భుజాలు కదిలించింది. దగ్గు అనుకున్నాను.

ఒకరోజు ఒక మనిషి మోటారుసైకిలు దూరంగా ఆపి, ఖాళీ నీళ్ళసీసాతో గేటు దగ్గరికి వచ్చాడు.

"సా, ఒక్క సీసా..."

"ఎందుకు?"

"మా మామకు మోకాళ్ళ నొప్పులు సా. రోంత లోపలికి పోతే గానీ నిద్రపట్టదు."

నేను నిర్ఘాంతపోయాను. "ఇది లోపలికి పుచ్చుకునేది కాదయ్యా. ఇందులో సూక్ష్మజీవులుంటాయి. ఒంటికి పడదు."

"మొదుట్లో ఎవురికీ పడదు సా," అన్నాడతడు నన్ను ఓదారుస్తున్నట్టు. "అలవాటైతే అదే పడ్తాది."

"ఇది ప్రభుత్వం చేయిస్తున్న ప్రయోగం!"

అతడి కళ్ళు పెద్దవయ్యాయి. "గవర్మెంటే కాయిస్తాందా సా?" అని, నమస్కారం పెట్టి, ఊరికి ఆ కబురు అందించడానికి కాబోలు, వేగంగా వెళ్ళిపోయాడు.

ఆ తరువాత కొద్దిరోజులకే ఎక్సైజ్ శాఖ జీపు వచ్చింది. ఇన్స్‌పెక్టరు నిండైన మనిషి, మర్యాదస్తుడు. ప్రవేశం లేదన్న బోర్డును చూపి, రబ్బరు బూట్లు తొడుక్కోనిదే లోపలికి పంపనని చెప్పాను. ఆయనా కానిస్టేబుళ్ళూ బూట్లు తొడుక్కున్నారు. ఆనాటి దాడిలో నియమాలు పాటించడం జరిగిందని ఈ విధంగా నేను చెప్పగలను.

"సార్, మీ గురించి ఊళ్ళో అందరూ మర్యాదగానే చెప్తాండారు," అన్నారాయన. "మాకూ పైనుంచి వత్తిడి ఉండాది. సరుకు యాడుందో చూపించండి."

షెడ్డు తలుపు తీశాను. వరుసలు తీరిన డ్రమ్ములు, ఒకే తీరుగా కట్టిన గుడ్డలు, ఒకే ఎత్తులో అంటించిన చీటీలు. ఇన్స్‌పెక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"సార్, వాగుల్లో, గుట్టల్లో, బండల సందుల్లో నేను శానా చూసినా. పగిలిన కుండలు, ఈగలు, గబ్బు. ఇంత శుద్ధంగా, ఇంత వరసగా పెట్టినోళ్ళను నా సర్వీసులో చూడలా."

నా పనితీరును ఏ పై అధికారీ ఇలాంటి మాటలతో మెచ్చుకున్నది లేదు. అప్రయత్నంగా "ధన్యవాదాలు" అన్నాను. దానిని ఆయన నేరాంగీకారంగా స్వీకరించారు.

"ఈ తిరస్కృతం అంటే ఏంది సార్? రెండో రకమా?"

"పనికిరానిదని అర్థం."

"మరి పనికొచ్చే సరుకు యాడ?"

"గుంతలో పోశాము."

ఆయన ఆ విశాలమైన ఎర్రని గుంతవైపు ఒకసారి, కానిస్టేబులు వైపు ఒకసారి చూశారు. "అంతానా?" అన్నారు, గొంతు తగ్గించి.

సూక్ష్మజీవుల గురించి, గంధకం గురించి, లోహాల గురించి సవిస్తరంగా చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. "అందరూ ఏదో ఒకటి చెప్తారు సార్. పోయిన నెల ఒకాయప్ప దోసెల పిండి అన్నాడు. ఇంకొకాయప్ప బర్రెకు కుడితి అన్నాడు. పురుగులకు తాపుతాండానని చెప్పినోళ్ళలో మాత్రం మీరే ఫస్టు." సాక్ష్యం చెప్పమని మా యువతిని పిలిచాను. ఆమె నోరు తెరిచి, "సార్ నిజంగానే..." అని, అక్కడినుంచి నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుని కూలబడింది. ఆ సాక్ష్యం వల్ల మాకు ప్రయోజనం కలగలేదు.

దొరికిన సారా ఊటను దొరికినచోటనే పారబోయడం వారి శాఖ పద్ధతి. కానిస్టేబుళ్ళు మొదటి డ్రమ్మును షెడ్డు వెనక్కి దొర్లించి కాలితో తన్నబోయారు. అటువైపు వాలు నేరుగా చీనీతోటలోకి దిగుతుంది. పెద్దమ్మ కొంగు బిగించుకుని గట్టెక్కి వచ్చింది.

"ఏమప్పో! ఆ పుల్లనీళ్ళు నా చెట్లకు పారిస్తాండారా? ఉండే రోగం చాల్లేదా వాటికి? పోస్తే ఆ గుంతలో పోయండి పోండి. అది ఎట్లాగూ చెడిందే!"

ఇన్స్‌పెక్టరు గారికి ఆ సలహా సబబుగా తోచింది. డ్రమ్ములన్నిటినీ గట్టుమీదికి దొర్లించి, ఒకదాని తరువాత ఒకటిగా గుంతలోకి వంచారు. నెలల తరబడి నేను వేరుచేసి ఉంచిన పులిసిన బెల్లం, మడ్డితో సహా, నురగలు కక్కుతూ దిగిపోయింది. నేను గట్టు వెంబడి పరుగెత్తాను. ఉద్యోగంలో నేను పరుగెత్తిన సందర్భం అదొక్కటే.

"కొలత! కొలత లేకుండా పోయరాదు! కనీసం ఎన్ని లీటర్లో రాసుకుంటూ పోయండి!"

ఒక కానిస్టేబులు రెండో అతనితో, "సారు బాధ చూస్తాంటే కడుపు తరుక్కుపోతాందన్నా. ఎన్నాళ్ళు కష్టపడి కాసినాడో" అన్నాడు.

అంతా అయ్యాక కేసుకు నమూనా కావాలని గుర్తొచ్చింది. డ్రమ్ములన్నీ ఖాళీ. చివరి డ్రమ్ము వంచిన చోట గట్టు అంచున ఒక సీసా ముంచి, బురదతో సహా నింపుకుని, బిరడా బిగించి, లక్క ముద్ర వేశారు. ఆ సీసాను పాఠకులు గుర్తుంచుకోవాలి.

నన్నూ కావలిమనిషినీ జీపులో స్టేషనుకు తీసుకుపోయారు. నన్ను ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టారు. కావలిమనిషి నా చెవిలో, "భయపడొద్దు సా. మా చిన్నాయన ఈడికి శానాసార్లు వచ్చినాడు. టీ బాగుంటాది" అన్నాడు. టీ నిజంగానే బాగుంది. మధ్యాహ్నం దాటాక మా పై కార్యాలయం నుంచి ఫోను వచ్చి, నేను నిజంగానే సూక్ష్మజీవులకు మేత వేసే ఉద్యోగినని చెప్పాక మమ్మల్ని వదిలారు. సీసా సంగతి తేలేవరకు కేసు ఉంటుందన్నారు.

తిరుగు దారిలో బస్సు దిగుతూ కావలిమనిషి అడిగాడు: "ఇన్నాళ్ళూ నిజంగానే పురుగులకు పోసినారా సా?"

"నిజంగానే."

"అంత బెల్లమా?" అన్నాడు. అతడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరునాటినుంచి టీ అంగడి ముందు ఎవరూ లేవలేదు. మంగలి నన్ను వరుసలో కూర్చోబెట్టాడు.

పై కార్యాలయం వారు ఊరుకోలేదు. మేత ఆపమన్నారు. పరిశీలనకు పెద్ద అధికారి ముందే వస్తారని, గుంతలో మార్పు కనబడకపోతే మట్టి లారీలు బయలుదేరతాయని తెలియజేశారు. ఈ మాట పెద్దమ్మకు చెప్పడానికి నేనే తోటకు వెళ్ళాను. ఆవిడ ఒక చెట్టు మొదట్లో కూర్చుని ఎండుకొమ్మలు విరుస్తున్నది.

"రంపం మిషనాయప్పకు చెప్పిపెట్టనా?" అని అడిగింది.

జవాబుగా ఏదైనా నియమం ఉంటే చెప్పేవాణ్ణి. లేదు. "పెద్ద అధికారి వచ్చి పోయేదాకా ఆగండి" అన్నాను.

స్టేషను ఫ్యాను కింద కూర్చున్న ఫలితంగా నాకు పట్టిన జలుబు వారాలు గడిచినా వదలలేదు. అయినా ప్రతి ఉదయం గట్టుమీద నిలబడి వాసన చూడడం మానలేదు. అలా ఒక ఉదయం నిలబడి ఉండగా మా యువతి ముక్కు మూసుకుని పరుగున వచ్చింది.

"సార్! వాసన! కోడిగుడ్డు సార్!"

నేను శక్తికొద్దీ పీల్చాను. ఏమీ తెలియలేదు. "నాకు రావడం లేదు" అన్నాను.

"మీకు జలుబు సార్!"

"స్వయంగా నిర్ధారించనిది నేను నమోదు చేయలేను."

కావలిమనిషి తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, "ఊరంతా గబ్బు సా. ఎవురింట్లోనూ పొద్దున టిఫిను తినలా" అన్నాడు. అది వినికిడి మాత్రమే అన్నాను. ముందుజాగ్రత్తగా అందరినీ గాలికి ఎదురువైపు జరగమని, గట్టు దిగువకు ఎవరూ పోరాదని ఆదేశించాను. ఆ వాయువు మోతాదు మించితే ప్రాణాంతకం, ఈ విషయం యువ పాఠకులు తేలికగా తీసుకోరాదు. వాయువు కొలిచే పరికరం మాకు మంజూరై ఉంది, అందలేదు. నా ముక్కు మూసుకుపోయింది. ఎలా నిర్ధారించాలా అని ఆలోచిస్తుండగా పెద్దమ్మ వచ్చింది. ఈసారి చేతిలో కాయ లేదు. కోపంగా కుడిచేయి ముందుకు చాపింది.

"సూడు! మా ఆయప్ప చేపిచ్చిన వెండి కడియం. నిన్న తెల్లగా ఉండె. పొద్దున బాయికాడికి పోయి వచ్చేతలికి బొగ్గు మాదిరి అయ్యింది. ఏం పోసినారప్పా ఆ గుంతలో?"

నేను ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని వెలుగులోకి తిప్పి చూశాను. నలుపు, స్వచ్ఛమైన నలుపు. గంధక వాయువు సోకితే తప్ప వెండికి అలాంటి రంగు రాదు. ముక్కు అక్కర్లేని సాక్ష్యం. నేను నవ్వడం మొదలుపెట్టాను. మా యువతి నన్ను చూసి భయపడింది, ఎందుకంటే అంతకుముందు ఆమె నా నవ్వు చూడలేదు.

"నా వెండి మాడిపోతే నవ్వుతాండావే!" అంది పెద్దమ్మ.

"అమ్మా, మిషనాయనను రావద్దని చెప్పండి," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. తరువాత గుంతవైపు చూసింది. గట్టు అంచున నీరు మొదటిసారి ఎరుపు తగ్గి, అడుగున నల్లబురద కనబడుతున్నది. ఆవిడ కడియాన్ని మెల్లగా కొంగుతో తుడుచుకుంది. పోలేదు. పోనీలే అన్నట్టు చేయి దించింది.

పెద్ద అధికారి వచ్చిన రోజుకు నేను గట్టుకు సున్నం కొట్టించి, దారిపొడవునా రాళ్ళు పేర్పించాను. ఆయన కారు దిగగానే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. శాస్త్రజ్ఞుడు కనుక రుమాలు వెనక ముఖం వెలిగింది. నీరు తీసి పరీక్షించారు. పులుపు చాలావరకు విరిగింది, లోహాలు అడుగుకు దిగాయి. ఆయన సంతృప్తిగా తలపంకించి, "చాలా బాగుంది. మీ మేత పద్ధతి వివరించండి" అన్నారు.

నేను అబద్ధమాడే అలవాటు లేనివాణ్ణి. "ఒకేసారి, కొలత లేకుండా, పోలీసుల సమక్షంలో" అని చెప్పాను.

ఆయన రుమాలు దించారు. సరిగ్గా అప్పుడే ఎక్సైజ్ జీపు గేటు ముందు ఆగింది. ఇన్స్‌పెక్టరు దిగారు. చాచిన చేతి చివర, ఒంటికి వీలైనంత దూరంగా, సంచిలో చుట్టిన ఒక సీసా.

"సార్, మీ సొత్తు మీరు పెట్టుకోండి. నిన్న బీరువాలోనే బిరడా ఎగిరిపోయింది. స్టేషనంతా వరండాలో కూర్చున్నాం. లాకప్పులో ఉండే ముద్దాయి, సార్, ఏ కేసైనా ఒప్పుకుంటా, నన్ను బయటికి తీసుకుపోండి అని ఏడ్చినాడు. ఇది సారా కాదని మేమంతా ఒప్పుకుంటాండాం. సారా ఇట్లా ఉంటే మాకు ఉద్యోగమే అక్కర్లేదు."

పెద్ద అధికారి నావైపు తిరిగి, "వీరెవరు?" అన్నారు.

"మేత వేసినవారు," అన్నాను.

అప్పుడు మా యువతి ముందుకు వచ్చి, ఆశ్చర్యకరంగా ఒక్కసారి కూడా నవ్వకుండా, సంగతి వివరించింది. పచ్చి బెల్లాన్ని ఈ సూక్ష్మజీవులు నేరుగా వాడుకోలేవు. వేరే జీవులు దాన్ని ముందు పులియబెట్టి ఇవ్వాలి. పులిసినదాంట్లో తయారయ్యే మద్యం, ఆమ్లాలు వీటికి సిద్ధాన్నం. "ఇన్నాళ్ళూ సార్ వాటికి పాలు పట్టారు సార్. వీళ్ళొచ్చి మందు పోశారు. లేచి కూర్చున్నాయి," అని ముగించింది. ఆ చివరి వాక్యం నివేదికలో చేర్చలేదు. కావలిమనిషి గుంతవైపు తేరిపార చూసి, "అంటే ఈడుండేవన్నీ తాగుబోతులేనా సా?" అన్నాడు. అంత బెల్లం వృథా అయిందని అతనికి కలిగిన నిరాశ ఆ క్షణంలో తీరిపోయినట్టు కనిపించింది. ఇన్స్‌పెక్టరు గారు కూడా టోపీ సర్దుకుని కొంత గర్వంగా నిలబడ్డారు.

మట్టి లారీలు రాలేదు. ఆనాటినుంచి బెల్లాన్ని పులియబెట్టి, అనుమతి పత్రంతో, కొలిచి పోసే పద్ధతి అమలులోకి వచ్చింది. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి స్పష్టంగా చెప్పాలి. నేను ఆ పులిసిన మేతను పారబోయనీయకుండా, డ్రమ్ములకెత్తించి, వరుసల్లో పెట్టించి ఉండకపోతే ఆరోజు గుంతలో పోయడానికి ఏముండేది? క్రమబద్ధతే ఈ విజయానికి మూలం. ఈ వాదనను నా సహోద్యోగులు ఒక్కరూ అంగీకరించలేదు. అంగీకరించకపోవడానికి వారు చూపిన కారణం కూడా లేదు, నవ్వారు, అంతే.

నేను పదవీ విరమణ చేసేనాటికి తోట బావిలో నీరు తేటపడింది. చెట్లు కొత్త చిగుళ్ళు వేశాయి. ఆఖరిరోజు పెద్దమ్మ నా గదిలోకి వచ్చి, కిటికీలోని ఎండుకాయల వరుస చివర ఒక పెద్ద పసుపుపచ్చని చీనీకాయ పెట్టింది. "ఇప్పుడు చెప్పప్పా, ఇదేంది?" అంది. చీనీకాయే అన్నాను, ఈసారి పరిశీలించకుండానే. ఆవిడ చేతి కడియం ఇంకా నల్లగానే ఉంది. పుల్లచింతపండుతో తోమితే పోతుందని చెప్పాను. "ఉండనీలే," అంది.

ఇప్పటికీ ప్రతి కాపుకూ ఒక గంపెడు కాయలు కడపలో మా ఇంటికి వస్తాయి.

ఈ కథనంలో సంఘటనల వరుసలో గాని, రసాయన విషయాల్లో గాని పొరపాటు ఉంటే, ఎవరి మాటనైనా తప్పుగా రాసి ఉంటే, తెలిసినవారు దయచేసి రాసి పంపాలని, స్పష్టమైన దస్తూరీతో పంపాలని కోరుతున్నాను. ముఖ్యంగా ఒక సందేహం తీర్చాలి. ఆ తోట కాయల్లో రోంత కైపు ఉంటుందని ఊళ్ళోవాళ్ళు గట్టిగా చెబుతారు. వాటికోసం పొరుగూళ్ళనుంచి కూడా మనుషులు వస్తున్నారట. శాస్త్రప్రకారం అది అసాధ్యం. ఆ మాట వారికి చెప్పాను. అయితే మొన్న రెండు కాయలు తిన్న తరువాత నేను మా వరండాలో పూలకుండీలను వరుసలో పెట్టబోయి, వంకరగా పెట్టి, అలాగే వదిలేసి నిద్రపోయానని మా ఇంట్లో అంటున్నారు. ఈ విషయంలో నాకు పూర్వానుభవం లేదు. ఉన్న పాఠకులు నన్ను సరిదిద్దగలరు.